మొదటి తప్పుకు ఒక సంతకం

పోయినేడాది ఆరు నెలలు మా అమ్మాయి దగ్గర ఉండి వచ్చాను. అమెరికా పడమటి కొసన ఆరెగాన్ రాష్ట్రం, పోర్ట్‌లాండ్ పక్కన హిల్స్‌బరో అనే ఊరు. చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలున్న చోటు. సాయంత్రం పార్కుకి వెళ్తే తెలుగు గట్టిగానే వినపడుతుంది.

రోజూ పొద్దున్న ఆరున్నరకి బాల్కనీలో కాఫీ గ్లాసుతో కూర్చునేవాణ్ణి. కింద పార్కింగులో ఒక కుర్రాడు కారెక్కేవాడు. తలుపు వేసుకుని, నల్లటి చిన్న డబ్బా ఒకటి నోటి దగ్గర పెట్టుకునేవాడు. మొదట సెల్‌ఫోన్ అనుకున్నాను. తర్వాత ఉబ్బసం మందేమో పీలుస్తున్నాడు, పాపం, అనుకున్నాను. పీల్చడం కాదు, ఊదుతున్నాడని తెలిసేసరికి వారం పట్టింది. హైదరాబాద్‌లో శని ఆదివారాల రాత్రి ట్రాఫిక్ పోలీసులు ఊదించే మిషన్ ఉంటుందే, దానికి తమ్ముడన్నమాట. ఇది కారులోనే కాపురం ఉంటుంది. ఊదితే గానీ ఇంజను స్టార్ట్ కాదు. బండి నడుస్తుండగా కూడా ఉన్నట్టుండి కీచుమని, మళ్ళీ ఊదమంటుంది.

ఆ కుర్రాడు మనవాడే. "డీయూఐలో దొరికాడు మామయ్యా, డైవర్షన్‌లో ఉన్నాడు" అని మా అల్లుడు గొంతు తగ్గించి చెప్పాడు. డీయూఐ అంటే తాగి బండి నడపడం.

నలభై ఏళ్ళు నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లో ప్లీడరీ చేశాను. డైవర్షన్ అంటే నాకు తెలిసింది రోడ్డు తవ్విన చోట పెట్టే బోర్డు ఒక్కటే. కోర్టులో డైవర్షన్ ఏమిటి? రిటైరైనవాడికి పని దొరికింది. ఆ జిల్లా కోర్టు హిల్స్‌బరోలోనే ఉంది. జిల్లా పేరు వాషింగ్టన్ కౌంటీ. పక్కనున్న వాషింగ్టన్ రాష్ట్రానికీ, దేశ రాజధాని వాషింగ్టన్‌కీ దీనితో సంబంధం లేదు. ఊళ్ళకి పేర్లు పెట్టేటప్పుడు వాళ్ళూ మనలాగే పొదుపరులు. బహిరంగ కోర్టు కనక ఎవరైనా వెళ్ళి వెనక బెంచీలో కూర్చోవచ్చు. వెళ్ళి కూర్చున్నాను. అక్కడ విన్నదీ, తర్వాత చట్టాలు తిరగేసి తెలుసుకున్నదీ కలిపి ఈవేళ మీకు చెబుతాను.

ఆరెగాన్‌లో పద్ధతి ఇది. తాగి బండి నడుపుతూ దొరికినవాడు మొదటిసారి కోర్టుకి వచ్చిన 30 రోజుల్లోపు ఒక దరఖాస్తు పెట్టుకోవచ్చు. నన్ను శిక్ష దారిలో కాక పక్కదారిలో పంపండి అని. అందరికీ ఆ దారి తెరవరు. గత 15 ఏళ్ళలో ఇలాంటి కేసు ఉండకూడదు. ఈ సంఘటనలో మరొకరికి దెబ్బ తగిలి ఉండకూడదు. లారీ, బస్సు నడిపే కమర్షియల్ లైసెన్సు ఉండకూడదు. ఈ మూడోది విన్నప్పుడు నాకు కాస్త గుచ్చుకుంది. ఆఫీసుకి బండి నడిపేవాడికి దొరికే అవకాశం, బండి నడిపి బతికేవాడికి దొరకదు. వాడి బాధ్యత ఎక్కువ కాబట్టి అంటారు. నిజమే. అయినా కోర్టులో నిలబడ్డ లారీ డ్రైవరు ముఖం నాకు బాగా పరిచయం కనక చెప్పాను.

దరఖాస్తుతో పాటు 490 డాలర్ల ఫీజు. తాగుడు ఏ స్థాయిలో ఉందో తేల్చే పరీక్షకి వేరే ఫీజు. ఆ పరీక్ష చేసినవాళ్ళు చెప్పిన తరగతులకో, చికిత్సకో సొంత ఖర్చుతో వెళ్ళాలి. కారుకి ఆ ఊదుడు డబ్బా బిగించుకోవాలి, దాని అద్దె తనే కట్టుకోవాలి. ఏడాది పాటు చుక్క ముట్టకూడదు. చర్చిలో పూజలో భాగంగా ఇచ్చే ద్రాక్షరసానికీ, డాక్టరు రాసిన మందుకీ మాత్రం చట్టంలోనే మినహాయింపు రాశారు. ఎంత వివరంగా ఆలోచించారో చూడండి. ఇక బాధితుల సభ అని ఒకటుంది. తాగినవాడి బండి కింద బిడ్డనో, భర్తనో పోగొట్టుకున్నవాళ్ళు వచ్చి మాట్లాడతారు. దొరికినవాళ్ళు కూర్చుని వినాలి. ప్రశ్నలు, వాదనలు ఉండవు. వినడమే.

ఏడాది సక్రమంగా గడిస్తే కేసు కొట్టేస్తారు, మళ్ళీ తెరవడానికి వీల్లేకుండా. జైలు లేదు, నేరస్థుడన్న ముద్ర లేదు.

ఇక్కడిదాకా వింటే మీకు ముచ్చటేస్తుంది. నాకూ వేసింది. అసలు మెలిక దరఖాస్తు పెట్టే రోజే ఉంది. ఆ రోజే జడ్జి ముందు నేరం ఒప్పుకుని సంతకం పెట్టాలి. లేదా "ఒప్పుకోను గానీ కాదనను" అనే ఇంకో రకం మాటైనా చెప్పాలి. ఆ ఒప్పుకోలు కాగితాన్ని కోర్టు బీరువాలో పెట్టుకుంటుంది. ఏడాదిలో తాగినట్టు తేలినా, తరగతులకి ఎగనామం పెట్టినా ఇక నేరం మీద విచారణంటూ ఉండదు. ఆ కాగితం బయటికి తీసి శిక్ష వేయడమే. అప్పుడు కనీసం 48 గంటల జైలో, 80 గంటల సమాజసేవో, వెయ్యి డాలర్లకి తగ్గని జరిమానా, ఏడాది పాటు లైసెన్సు రద్దు.

అసలీ ఆలోచన ఎక్కడ పుట్టింది? 1966లో ఆరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ నగరంలో, దొరికినవాళ్ళకి జరిమానాతో సరిపెట్టకుండా బడి పెట్టారు. పెద్దవాళ్ళని బెంచీల మీద కూర్చోబెట్టి మద్యం ఒంట్లో ఏం చేస్తుందో, చెయ్యీ కన్నూ ఎంత ఆలస్యం అవుతాయో చెప్పేవారు. అది చూసి మిగతా ఊళ్ళూ మొదలుపెట్టాయి. 1970ల్లో కేంద్ర ప్రభుత్వం కూడా డబ్బిచ్చింది. కోర్టుల్లో కేసులు గుట్టలు పడుతున్నాయి, జైళ్ళు చాలడం లేదు. బడికి పంపితే రెండూ తేలికపడతాయి. దయ సగం, లెక్క సగం. ప్లీడరు మాటగా చెబుతున్నాను, ఏ దేశంలోనైనా క్షమకి సంబంధించిన చట్టాల్లో సగం జైళ్ళు నిండినప్పుడు పుట్టినవే.

1980లో గాలి మారింది. కాలిఫోర్నియాలో 13 ఏళ్ళ పిల్ల రోడ్డు పక్కన నడిచివెళ్తుంటే తాగినవాడి కారు గుద్ది చంపింది. వాడు అంతకు రెండ్రోజుల ముందే ఇంకో తాగుడు కేసులో బెయిల్ మీద బయటికొచ్చాడు. ఆ పిల్ల తల్లి క్యాండేస్ లైట్‌నర్ ఏడుస్తూ కూర్చోలేదు. తాగి నడిపేవాళ్ళకి వ్యతిరేకంగా తల్లుల సంఘం పెట్టింది. మ్యాడ్ అన్న ఆ పొట్టి పేరు అక్కడ తెలియనివాళ్ళు ఉండరు. బడికి పంపి వదిలేస్తే బిడ్డలు బతుకుతారా అని ఆ తల్లులు అడిగారు. చాలా రాష్ట్రాలు బిగుసుకున్నాయి. కాలిఫోర్నియాలో ఇవాళ్టికీ మామూలు మనిషికి ఈ కేసులో డైవర్షన్ లేదు. 2021లో చిన్న నేరాలకి పక్కదారి చూపే అధికారం జడ్జిలకి వచ్చినా, తాగి నడపడం అందులోకి రాదని అక్కడి అప్పీలు కోర్టులు తేల్చేశాయి. సైన్యంలో పనిచేసినవాళ్ళకి మాత్రం వేరే చట్టం ఉంది. ఆ తల్లుల ప్రశ్న ఇంకా నిలిచే ఉంది. 2023లో కూడా అమెరికాలో తాగి నడిపిన ప్రమాదాల్లో 12,429 మంది పోయారు. మొత్తం రోడ్డు మరణాల్లో పదికి మూడు.

మళ్ళీ మన పోర్ట్‌లాండ్‌కి వద్దాం. ఊరికి ఉత్తరాన కొలంబియా నది. మనకి సాగర్ డ్యామ్ దగ్గర ఇటు తెలంగాణ, అటు ఆంధ్ర అయినట్టు, నదికి దక్షిణాన ఆరెగాన్, వంతెన దాటితే వాషింగ్టన్ రాష్ట్రం. పోర్ట్‌లాండ్‌లో విందుకి వెళ్ళి, అవతలి ఒడ్డునున్న ఇంటికి కారేసుకు వెళ్ళేవాళ్ళు ఎంతమందో. వంతెన దాటక ముందు దొరికితే ఒక కథ, దాటాక దొరికితే మరో కథ.

దాటాక కథ చెబుతాను. వాషింగ్టన్‌లో 1975 నుంచీ ఉన్న పద్ధతిని విచారణ వాయిదా అనవచ్చు. అక్కడ నేరం ఒప్పుకోనక్కర్లేదు. జబ్బు ఒప్పుకోవాలి. "నాకు తాగుడు జబ్బుంది, దానివల్లే ఇది జరిగింది, వైద్యం లేకపోతే మళ్ళీ చేసే ప్రమాదం ఎక్కువ" అని దరఖాస్తులో రాసివ్వాలి. రెండేళ్ళ వైద్యం, మొత్తం అయిదేళ్ళ నిఘా. పెళ్ళిలో నాలుగు పెగ్గులేసి స్టీరింగ్ పట్టుకున్నవాడికి నిజంగా జబ్బుంటే సరే. లేనివాడు ఏం చేయాలి? కేసు పోవాలంటే జబ్బున్నట్టు చెప్పుకోవాలి. మందు రోగికి ఇవ్వాల్సింది పోయి, మందు దొరకాలంటే రోగివి కావాలన్నట్టుంది. ఈ రెండు ఒడ్డుల్లో నాకు ఆరెగానే నిజాయితీగా కనిపించింది. చేసిన పని ఒప్పుకో అంటుంది, అంతే.

కానీ నేను అలా అనుకోవడానికి ఒక కారణం ఉంది. నాది పర్యాటకుడి వీసా. వెనక బెంచీలో కూర్చున్న ముసలాడికి ఏమీ కాదు.

ముందు నిలబడ్డవాడికి జడ్జి ఒక హెచ్చరిక చదువుతాడు. మీరు ఈ దేశ పౌరులు కాకపోతే ఈ ఒప్పుకోలు వల్ల దేశం నుంచి పంపించేయవచ్చు, తిరిగి రానివ్వకపోవచ్చు, పౌరసత్వం నిరాకరించవచ్చు అనే అర్థంలో. చదవాలని చట్టం. గబగబా చదువుతారు. అవునని తలలూపుతారు. మన నాంపల్లిలో "అర్థమైందా?" అంటే "అయింది దొరా" అనే ముఖాలే అక్కడా చూశాను.

ఆ హెచ్చరిక వెనక ఉన్నది 1996 నాటి వలస చట్టం. కేసు చివర్లో కొట్టేశారా లేదా అన్నది ఆ చట్టానికి అక్కర్లేదు. రెండే చూస్తుంది. నేరం ఒప్పుకున్నాడా? కోర్టు ఏదైనా ఆంక్షో, భారమో పెట్టిందా? రెండూ ఉంటే శిక్ష పడ్డట్టే లెక్క. కాదనను అన్న రెండో రకం మాట కూడా ఒప్పుకోలు కిందికే వస్తుంది. ఇప్పుడు ఆరెగాన్ కాగితం గుర్తు తెచ్చుకోండి. రాష్ట్రం కొట్టేసిన కేసు, వలస శాఖ దృష్టిలో కొట్టేయలేదు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మన పెద్దలు ఊరికే అన్నారా?

అదే దేశంలో తూర్పు వైపున్న పెన్సిల్వేనియాకి వెళ్తే, 1972 నుంచీ అక్కడున్న పద్ధతిలో ఒప్పుకోలు అడగరు. ప్రభుత్వ ప్లీడరు సరేనంటే తరగతులు, నిఘా, ఒంట్లో మద్యం ఎంతుందన్న దాన్ని బట్టి కొన్నాళ్ళు లైసెన్సు ఆపడం. కారులో 14 ఏళ్ళలోపు పిల్లలుంటే మాత్రం ఆ దారి మూసేశారు. నాకు బాగా నచ్చిన షరతు అది. అన్నీ పూర్తి చేస్తే కోర్టు రికార్డు చెరిపేస్తారు. ఫిలడెల్ఫియాలో దొరికిన కుర్రాడూ, హిల్స్‌బరోలో దొరికిన కుర్రాడూ ఒకే ఊరివాళ్ళే కావచ్చు, ఒకే విమానంలో వెళ్ళి ఉండవచ్చు. తప్పు ఒకటే. ఒకడి ఫైల్లో ఒప్పుకోలుంది, ఇంకొకడి ఫైల్లో లేదు. ప్రభుత్వ ప్లీడరు చేతిలో ఇంత అధికారం పెట్టడం నాకు ఇష్టం లేదు గానీ, ఈ ఒక్క విషయంలో పెన్సిల్వేనియా మేలు.

భయపెడుతున్నానని అనుకోకండి. ఎవరికీ దెబ్బ తగలని మొదటి డీయూఐ ఒక్కదానితో దేశం నుంచి పంపేయడం మామూలుగా జరగదు. ప్రమాదంలో మనుషులు గాయపడ్డ కేసులో కూడా, తాగి నడపడాన్ని హింసా నేరంగా లెక్కకట్టి పంపేయడం చెల్లదని 2004లో వాళ్ళ సుప్రీంకోర్టు లియోకాల్ కేసులో చెప్పింది. నేరం ఒప్పుకుంటే వలస పరంగా ఏమవుతుందో క్లయింటుకి చెప్పడం లాయరు విధి అని 2010లో పడియా కేసులో చెప్పింది. కెంటకీలో తప్పుడు సలహా నమ్మి నేరం ఒప్పుకున్న లారీ డ్రైవరు కేసది.

వీసా మాత్రం వేరే సంగతి. 2015 నుంచీ అమెరికా విదేశాంగ శాఖ పద్ధతేమిటంటే, శిక్ష పడనక్కర్లేదు, డీయూఐలో అరెస్టయితే చాలు, పాస్‌పోర్టులోని వీసా రద్దు చేయవచ్చు. ఒక ఈమెయిల్ వస్తుంది. ఉన్నచోట చదువుకోవచ్చు, ఉద్యోగం చేసుకోవచ్చు. కానీ ఒకసారి ఇంటికొస్తే మళ్ళీ వెళ్ళడానికి కొత్త వీసా కావాలి. నానక్‌రామ్‌గూడ కాన్సులేట్ చుట్టూ తిరగాలి. వాళ్ళు చెప్పిన డాక్టరు దగ్గర తాగుడు అలవాటు మీద పరీక్ష చేయించుకోవాలి. 2025 ఏప్రిల్‌లో అయితే వేలమంది విదేశీ విద్యార్థుల వలస శాఖ రికార్డులు ఒక్కసారిగా రద్దయ్యాయి. పాత ట్రాఫిక్ గొడవలున్నవాళ్ళూ, కేసు కొట్టేసినవాళ్ళూ అందులో చిక్కుకున్నారు. పిల్లలు కోర్టులకెక్కాక నెలాఖరుకి ప్రభుత్వం వెనక్కి తగ్గింది.

ఇంతదూరం వాళ్ళ సంగతి చెప్పి మనది వదిలేస్తే బాగుండదు. చట్టం కాగితం మీద చూస్తే మనమే కఠినం. వాళ్ళ ఎక్కువ రాష్ట్రాల్లో 100 మిల్లీలీటర్ల రక్తంలో మద్యం 80 మిల్లీగ్రాములకి చేరితే ఆ లెక్క ఒక్కటే నేరానికి చాలు. మనకి 30 దాటితే నేరమే. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్. 2019 సవరణ తర్వాత మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. పోలీసు దగ్గరే డబ్బు కట్టి రాజీ పడే వీలు ఈ సెక్షన్‌కి లేదు, కోర్టుకి వెళ్ళాల్సిందే.

హైదరాబాద్‌లో దొరికినవాళ్ళని ముందు గోషామహల్‌కో, బేగంపేటకో కౌన్సెలింగ్‌కి రమ్మంటారు. ఒంటరిగా కాదు, ఇంట్లోవాళ్ళని తీసుకుని. ఇది ఎవరి బుర్రలో పుట్టిందో గానీ దండం పెట్టాలి. పరాయి తల్లి దుఃఖం వినడానికి ఆరెగాన్ మనిషి సభకి వెళ్తాడు. మనవాడు సొంత తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని ప్రమాదాల వీడియోలు చూస్తాడు. భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. పదివేల జరిమానా కంటే అది బరువు.

అయితే ఆ కౌన్సెలింగ్ పూర్తిచేసినా కేసు పోదు. తర్వాత కోర్టే. అక్కడ వరసలో నిలబడి, పేరు పిలిస్తే "ఒప్పుకుంటున్నానండీ" అంటాడు. జరిమానా కడతాడు, లేదా నాలుగు రోజులు లోపలికి వెళ్తాడు. నేనే ఎంతమందికి చెప్పానో: "ఒప్పేసుకో బాబూ, మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటావు." వాయిదాలకి తిరగడం కంటే అదే సుఖమని. ఆ ఒక్కమాటతో వాడి మీద శిక్ష నమోదైపోతుందన్నది నేను చెప్పేవాణ్ణి కాదు. వాడు అడిగేవాడూ కాదు. తర్వాత ఎప్పుడో ఎమ్మెస్‌కి సీటొచ్చి, అమెరికా వీసా ఫారం నింపుతుంటే ఒక ప్రశ్న వస్తుంది. ఎప్పుడైనా, ఏ నేరానికైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా, క్షమాభిక్ష దొరికినా సరే చెప్పండి అని. అప్పుడు గుర్తొస్తుంది నాంపల్లి. ఆ పిల్లల్లో ఎవరైనా ఈ ప్రసంగం వింటుంటే, నన్ను తిట్టుకోవడానికి వాళ్ళకి హక్కుంది.

మనకి దారి లేకనా? 1958లోనే ప్రొబేషన్ చట్టం వచ్చింది. రెండేళ్ళలోపు శిక్ష పడే నేరాల్లో, పాత శిక్షలేవీ లేనివాణ్ణి మందలించి వదిలే అధికారం మేజిస్ట్రేటుకి ఉంది. అలా వదిలితే శిక్ష వల్ల వచ్చే అనర్హతలు కూడా అంటవని అదే చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. ప్రాణాలు పోయిన డ్రైవింగ్ కేసుల్లో ఈ దయ చూపొద్దని 2000లో దల్బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు హెచ్చరించింది. సబబే. 2016 జూలైలో పంజాగుట్టలో తాగిన విద్యార్థుల కారు ఎగిరి అవతలి కారు మీద పడి, చిన్నపాపతో సహా ఒకే కుటుంబంలోవాళ్ళు పోయారు. అలాంటి చోట మందలింపేమిటి? కానీ ఎవరికీ గీత కూడా పడని మొదటి కేసులో ఆ చట్టం అడిగిన ప్లీడర్లు తక్కువ. నేను ఒక్కసారీ అడగలేదు. 2024 జూలైలో అమల్లోకొచ్చిన న్యాయ సంహిత, తాగి వీధిలో గొడవ చేసినవాడికి సమాజసేవని శిక్షగా పెట్టింది. 185ని మాత్రం ముట్టుకోలేదు. గోషామహల్ తరగతినీ, మేజిస్ట్రేటు మందలింపునీ ఒక తాడుకి కడితే మన డైవర్షన్ మనకే ఉంటుంది. దానికి కొత్త భవనాలు కూడా అక్కర్లేదు.

ఆ పార్కింగు కుర్రాడి సంగతి చెప్పి ముగిస్తాను. బయల్దేరడానికి రెండు వారాల ముందు మెట్ల దగ్గర ఎదురైతే నేనే పలకరించాను. ప్లీడర్నని తెలిసి నిలబడిపోయాడు. సంతకం పెట్టేముందు ఎవర్నైనా అడిగావా బాబూ అన్నాను. "కేసు కొట్టేస్తారన్నారంకుల్, అదే విన్నాను" అన్నాడు. వీసా రద్దయినట్టు మెయిల్ తర్వాత వచ్చిందట. మే నెలలో గుడివాడలో వాళ్ళక్క పెళ్ళి. వీడియో కాల్‌లో చూశాడు. "తలంబ్రాల టైముకి ఇక్కడ రాత్రి పది, కారు తీయాల్సిన పని లేదు కాబట్టి ఊదాల్సిన పనీ లేకపోయింది" అని నవ్వాడు.

"ఇంట్లో తెలుసా?"

"సెలవు దొరకలేదని చెప్పాను. అమ్మ ఇంకా మా మేనేజర్ని తిడుతూనే ఉంది."

మౌత్‌వాష్‌లో కూడా ఆల్కహాల్ ఉంటుందట, మిషన్ పట్టేస్తుందని అదీ మానేశాడట. ఇంకెన్నాళ్ళు అన్నాను. లెక్కపెట్టుకోవాల్సిన అవసరం లేకుండా చెప్పాడు. నూట పదకొండు రోజులు.